దీమపు పిట్ట

ధ్యాన భాగములు: 1 సమూయేలు 26:13–25; 1 రాజులు 13:11–32; మత్తయి 18:6–7



కొల్లేటి లంకలలో కాపురముండు మనకు తెల్లవారుజామున మొదట వినబడునది నీటి పక్షుల సందడి. శీతకాలమందు హిమాలయములకు ఆవలనుండి వచ్చు బాతులను, ఆటపాక చెరువులోని గూడబాతులను, దమ్ము చేసిన చేలలో నిలుచు కొంగలను మనము ఎరుగుదుము. అయితే మన సరస్సునకు నీరు తెచ్చు తమ్మిలేరు ఏ మెట్టల మీదుగా దిగి వచ్చుచున్నదో, ఆ మెట్టలకు ఏలూరు దాటి ఉత్తరముగా పోయిన యెడల, ప్రొద్దు పొడవక మునుపే వేరొక కూత వినబడును. తుప్పలలో ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుచుచున్నట్లు మూడేసి అక్షరముల గట్టి కూత అది. ఒకటి పిలిచిన వెంటనే దూరమునుండి మరియొకటి బదులు పలుకును. అది కౌజుపిట్ట. కొన్ని ఊళ్లలో కముజు అందురు.

నేడు రోడ్డు ప్రక్క హోటళ్లలో కౌజు అని పేరు పెట్టి వేయించి వడ్డించునది ఈ పిట్ట కాదు. అది ఫారములలో పెంచిన జపాను జాతి పూరేడు. అరణ్యములో ఇశ్రాయేలీయుల పాళెము చుట్టు పడినవి పూరేళ్లు. దావీదు తన్ను తాను పోల్చుకొనినది కౌజుతో. రెండును ఒక్క కుటుంబములోనివే గాని పిట్టలు వేరు. అడవి కౌజు కోడిపెట్ట కంటె చాల చిన్నది. బూడిదయు గోధుమయు కలిసిన రంగు, ఒంటినిండ సన్నని చారలు, ఎఱ్ఱని కాళ్లు. పుంజుకు కాలి వెనుక ముల్లుండును. గింజలు, చెదలు, పురుగులు ఏరుకొని తినును. నేలమీదనే, గడ్డి దుబ్బు క్రింద చిన్న గుంటలో గ్రుడ్లు పెట్టును. భయపడినప్పుడు ఎగురుటకంటె తుప్పలలోనికి పరుగెత్తుటయే దానికి ఇష్టము. తప్పనిసరియైనప్పుడే ఎగిరి, కొంత దూరములోనే దిగిపోవును.

ఈ పిట్టకు మనుష్యులు పెట్టిన పేర్లు చూడుడి. సంస్కృతమున తిత్తిరి, హిందీలో తీతర్. ఆ పేర్లలో దాని కూతయే వినబడుచున్నది. హెబ్రీ భాషలో దీని పేరు కోరే. అనగా పిలుచునది అని అర్థము. రూపమును బట్టి కాదు, రుచిని బట్టి కాదు, గొంతును బట్టియే ఈ పిట్టకు పేరు కలిగినది. గొంతే దాని బ్రదుకు. గొంతే దాని చావు కూడ. ఈ సంగతినే నేడు మనము ధ్యానింతము.

కొండలమీద తరుమబడిన పిట్ట

సౌలు రాజు మూడువేలమందిని ఏర్పరచుకొని జీఫు అరణ్యములో దావీదును వెదకెను. ఒక రాత్రి దావీదును అబీషైయును పాళెములోనికి దిగి వచ్చి, నిద్రించుచున్న రాజు తలయొద్దనున్న యీటెను నీళ్లబుడ్డిని తీసికొని పోయిరి. రాజును ముట్టలేదు. తరువాత దావీదు దూరముగానున్న కొండ శిఖరముమీద నిలువబడి కేక వేసెను. కొండలమీద కౌజుపిట్టను తరిమినట్లు రాజు తనవంటి అల్పుని వెదకుటకు బయలుదేరెనని మొరపెట్టెను.

ఈ పోలిక ఊరకయే చెప్పినది కాదు. ఆ దేశపు కౌజు రాతి కొండలలో తిరుగునది, మన మెట్ట కౌజునకు దాయాది. దానిని పల్లెవారు ఒక చోట లేపి, దిగిన చోట మరల లేపి, అది రెక్కలు సొమ్మసిల్లువరకు తరిమి కర్రలతో కొట్టెడివారని పూర్వపు యాత్రికులు వ్రాసిరి. ఆ పిట్టను ఓడించునది బాణము కాదు, ఆయాసము. దావీదు బ్రదుకు అప్పుడు అట్లే యుండెను.

ఇచ్చట ఒక విశేషమును గమనింపుడి. దావీదు కేక వేసినప్పుడు, పిలుచుచున్న నీవెవడవని అబ్నేరు అడిగెను. పిలుచునది అని పేరుగల పిట్టతో దావీదు తన్ను పోల్చుకొనుటలో ఆ ప్రశ్నకు జవాబు దాగియున్నదని కొందరు పండితులు తలంచుచున్నారు. మరియు సౌలు ఆ చీకటిలో దావీదు ముఖమును చూడలేదు. స్వరమును గుర్తుపట్టి, నా కుమారుడా అని పిలిచెను. ఆ స్వరము విని పాపము చేసితినని ఒప్పుకొనెను. తరుమబడిన పిట్ట కూసెను. తరిమినవాని మనస్సాక్షి మేలుకొనెను. తన శత్రువును ఉరిలోనికి దింపుటకు ఆ రాత్రి దావీదునకు అవకాశము దొరికినది. అయినను అతడు తన గొంతును ఆ పనికి వాడలేదు.

మామయ్య పంజరము

ఇప్పుడు మరియొక కౌజు సంగతి చెప్పెదను. ఇది నా బాల్యములోనిది. అప్పటికి 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము రాలేదు. నేడు అడవి కౌజును పట్టుట, చంపుట, అమ్ముట నేరము. కనుక నేను చెప్పబోవునది ఎవరును చేయుటకు కాదు, తెలిసికొనుటకే.

మా నాయన లంక గ్రామములో ఉపదేశి. పంట కోతలైన పిమ్మట నన్ను మెట్టలోనున్న మా మేనమామ ఇంటికి పంపెడివారు. మామయ్యకు ఒక కౌజుపుంజు ఉండెను. దానిని గ్రుడ్డుగా తెచ్చి కోడిపెట్ట క్రింద పొదిగించెనట. వెదురు బద్దల పంజరములో పెట్టి, పైన నల్లని గుడ్డ కప్పెడివాడు. దినదినము చెదల పుట్టను త్రవ్వి, చెదలను ఏరి తెచ్చి తన చేతులతో తినిపించెడివాడు. పంజరము తెరచిన యెడల అది కుక్కపిల్లవలె ఆయన వెంట నడచెడిది. పిల్లలమైన మాకంటె ఆ పిట్టకే ఎక్కువ గారాబము జరిగెనని మా అత్తయ్య నవ్వుచు చెప్పెడిది.

తెలుగువారి వేటలో దాని పేరు దీమము. దీమము అనగా తన జాతివానిని రప్పించుటకు పెంచిన మచ్చిక జంతువు, లేక పిట్ట.

ఒక వేకువను నేనును ఆయన వెంట పోతిని. తుప్పల నడుమ ఖాళీగానున్న చోట పంజరము దింపెను. దాని చుట్టు గుర్రపు వెంట్రుకలతో పేనిన సన్నని ఉచ్చులను వరుసగా నాటెను. అవి గడ్డిలో కలిసిపోయి నా కంటికి కనబడలేదు. పిమ్మట గుడ్డ తీసివేసి, మేమిద్దరము ఒక ఈతదుబ్బు వెనుక దాగితిమి. గింజ ఒక్కటియు చల్లలేదు. ఎర ఏదని నేను చెవిలో అడిగితిని. మామయ్య పెదవులపై వ్రేలు పెట్టెను.

వెలుగు తగిలిన వెంటనే పంజరములోని పుంజు మెడ చాచి కూసెను. ఎంత తియ్యగా, ఎంత ధైర్యముగా కూసెనో! కొంతసేపటికి తుప్పలలోనుండి జవాబు వచ్చెను. ఇది పిలిచెను, అది పలికెను. ఆ స్వరము దగ్గర దగ్గరగా వచ్చి, తుదకు ఒక అడవి పుంజు రొమ్ము విరుచుకొని బయటికి వచ్చెను. తన నేలమీద ఎవడో కూయుచున్నాడని పోట్లాటకు వచ్చెను. ఆకలికి రాలేదు, దప్పికకు రాలేదు. పంజరము చుట్టు తిరుగుచు కాలు ఉచ్చులో పెట్టెను. అంతే.

ఆ సాయంకాలము అత్తయ్య దానిని శుభ్రము చేసి, ఉప్పు, పసుపు, నూరిన మిరపకాయలు, అల్లము, వెల్లుల్లి పట్టించి, ఉల్లిపాయలు మ్రగ్గించి, ధనియాల పొడి చల్లి ఇగురు పెట్టెను. పిట్ట చిన్నది, కొవ్వు లేనిది. ఎక్కువసేపు మంటమీదనుంచిన మాంసము నారవలె అగునని, త్వరగా దింపెను. ఆరుగురము తలయొక ముక్క తింటిమి. రుచిగానే యుండెను. లోపల గదిలో పంజరములోనున్న పుంజు చెదలు తినుచుండెను. నేను బాలుడను గనుక ఊరకుండలేక, "మామయ్యా, దీన్ని ఎప్పుడు కోస్తావు?" అని అడిగితిని. ఆయన కోపముగా చూచి, "దీన్ని తినేస్తే రేపు పొద్దున ఎవరు పిలుస్తార్రా?" అనెను.

ప్రియులారా, ఆ మాట నాకు అప్పుడు అర్థము కాలేదు. తరువాత ముప్పది సంవత్సరములకు అర్థమైనది.

దీమము యొక్క మూడు గురుతులు

మొదటిది: దీమము పరాయి గొంతుతో పిలువదు. పిల్లి పిలిచిన యెడల కౌజు రాదు. కాకి పిలిచిన యెడల తలయెత్తి చూడదు. తన జాతి గొంతు విని వచ్చును. దేవుడు యిర్మీయా ద్వారా, పిట్టల వేటకాండ్రవలె పొంచియుండి మనుష్యులను పట్టు దుష్టులను గూర్చి పలికినప్పుడు, వారు నా జనులలోనే యున్నారని చెప్పెను. పిట్టలతో నిండిన పంజరమువలె వారి యిండ్లు కపటముతో నిండియున్నవట. ఫిలిష్తీయుల మధ్య కాదు, తన జనులలోనే! మన సంఘమును చెడగొట్టునది ఎక్కువగా వీధి అవతలివాని మాట కాదు. మనతో కూడ పాడువాని మాట, మనతో కూడ రొట్టె విరుచువాని మాట.

రెండవది: దీమమును వేటకాడు తినడు. అదే దాని జీతము. ఉచ్చులో పడిన పిట్టలకు కత్తి, దీమమునకు చెదలు. కాబట్టి, నాకు నష్టము రాలేదు గనుక నేను చేసినది తప్పు కాదని ఎవడును తలంచకూడదు. చుట్టునున్నవారందరు నష్టపడి నీవొక్కడవే క్షేమముగానున్న యెడల, నీవు కూర్చున్నది పంజరమేమో పరీక్షించుకొనుము.

మూడవది: తాను దీమమని దీమమునకు తెలియదు. ఆ పుంజు తన పాట తాను పాడుకొనుచున్నదని తలంచెను. తన నేలను కాపాడుకొనుచున్నదని తలంచెను. యూదుల పూర్వ జ్ఞానియైన సీరా కుమారుడు, మన బైబిలులో చేర్చబడని తన గ్రంథములో, గర్విష్ఠుని హృదయమును పంజరములోని దీమపు కౌజుతో పోల్చెను. గర్వము అట్టిదే. మన గొంతు మనదేయని గర్వించుచున్న సమయమునందే దానిని వేరొకడు వాడుకొనుచుండును.

ఈ దేశపు పెద్దలు కూడ ఈ సంగతి ఎరుగుదురు. బౌద్ధుల జాతక కథలలో ఒక దీమపు తిత్తిరి కథ యున్నది. తన కూత విని తన బంధువులు చచ్చుచున్నారని తెలిసికొని ఆ పిట్ట మౌనముగా నుండెను. వేటకాడు వెదురు కర్రతో తలపై కొట్టగా నొప్పికి అరచెను. ఆ అరుపు విని మరల పిట్టలు వచ్చెను. ఈ పాపము నాదేనా అని అది ఒక తపస్విని అడిగెను. నీ మనస్సు అందులో కలియనియెడల దోషము నీది కాదని అతడు చెప్పెనట. ఆ పిట్ట మనలో అనేకులకంటె మేలైనది. ఏలయనగా అది అడిగెను. మనము అడుగము. పంజరములో పుట్టిన పిట్టకు తలుపు తీయు చెయ్యి లేదు. మనకైతే తలుపు తీయువాడు ఉన్నాడు. అడిగి తెలిసికొనుటకు వాక్యమున్నది. కాబట్టి, తెలియక చేసితినన్న మాట మనకు చాలదు.

రాజు వలలో పడనివాడు ప్రవక్త మాటకు పడెను

బేతేలు బలిపీఠమునకు విరోధముగా ప్రకటించుటకు యూదానుండి ఒక దైవజనుడు వచ్చెను. అచ్చట అన్నపానములు పుచ్చుకొనవద్దనియు, వచ్చిన దారిని తిరిగి పోవద్దనియు దేవుడు అతనికి ఆజ్ఞాపించెను. యరొబాము రాజు, ఇంటికి రమ్ము, బహుమానమిచ్చెదననెను. నీ యింటిలో సగమిచ్చినను రానని అతడు తెగవేసి చెప్పెను. చూడుడి, రాజు చల్లిన గింజలకు ఈ పిట్ట దిగలేదు.

అయితే బేతేలులో ఒక ముసలి ప్రవక్త యుండెను. అతడు గాడిదనెక్కి వెంటబడి పోయి, చెట్టు క్రింద కూర్చున్న దైవజనుని కలిసికొని, నేనును నీవంటి ప్రవక్తనేయనియు, నిన్ను తోడుకొని రమ్మని దేవదూత నాతో చెప్పెననియు అబద్ధమాడెను. రాజు మాటకు కదలనివాడు తన జాతి గొంతు విని లేచెను, వెనుకకు తిరిగెను, భోజనము చేసెను. తిరిగి పోవుచుండగా త్రోవలో సింహము అతనిని చంపెను.

ముసలి ప్రవక్తకు ఏమియు కాలేదు. సింహము అతనిని ముట్టలేదు. అతడు శవమును తెచ్చి తన సమాధిలోనే పెట్టి, అయ్యో నా సహోదరుడా అని ఏడ్చెను. నిజముగానే ఏడ్చెననుకొందును. దీమము కూడ కొన్నిసార్లు ఏడ్చును. అయితే ఏడ్పు చచ్చినవానిని లేపదు.

నేను పిలిచిన దినము

ఇతరులను గూర్చి ఇంత చెప్పినవాడను నన్ను గూర్చి చెప్పకపోవుట న్యాయము కాదు.

1990 తరువాతి సంవత్సరములలో మన సరస్సు చుట్టు చేపల చెరువులు విస్తరించిన సంగతి మీరెరుగుదురు. అప్పుడు నేను మా ఊరిలో బడిపంతులను. ఆదివారములలో వాక్యము కూడ చెప్పుచుంటిని. బయటి ఊరి ధనికుడొకడు మా సంఘస్థుల భూములను కౌలుకు తీసికొని చెరువు త్రవ్వింపగోరెను. అతడు నాకు డబ్బు ఇయ్యలేదు. ఇచ్చియుండిన యెడల నేను జాగ్రత్తపడియుందును. అతడు నాకు కుర్చీ వేసెను. పదిమందిలో నా ప్రక్కన కూర్చుండి, ఊరికి మేలు జరుగవలెనన్న మీవంటి చదువుకొన్నవారివలననే జరుగవలెననెను. గుడికి కొత్త రేకులు వేయించెదననెను. అవి నాకు చెదలు, నేను తింటిని.

ఆదివారపు ఆరాధన పిమ్మట గుడి ముందరి వేపచెట్టు క్రింద నేను లేచి, "కాగితం నేను చదివాను, భయం లేదు" అని చెప్పితిని. నేను చదివినది మొదటి పుట మాత్రమే. పదునాలుగు ఇండ్లవారు వేలిముద్రలు వేసిరి.

మొదటి సంవత్సరము కౌలు ముట్టెను. రెండవ యేట సగము. తరువాత లేదు. గట్టుమీద కాపలావాడు నిలిచెను. ఒకప్పుడు గేదెలకు గడ్డి కోసికొన్న చోటికి, తట్టలతో చేపలు పట్టుకొన్న నీటికి మన స్త్రీలు పోవుటకు దారి లేకపోయెను. 1999లో కొల్లేరు అభయారణ్యముగా ప్రకటింపబడెను; 2006లో ప్రభుత్వము సరస్సులోని చెరువుల గట్లను తెంపివేయించెను. పక్షులకును నీటికిని అది అవసరమే. అయితే గట్లు పోయిన దినమున మా పదునాలుగు ఇండ్లకు మిగిలినవి అప్పులు మాత్రమే. ఆ ధనికుడు తిరిగి రాలేదు. నాకు జీతము వచ్చుచునే యుండెను. గుడిమీద రేకులు మెరయుచునే యుండెను.

చాల కాలము నేను ఆ మనుష్యునే నిందించితిని. తరువాత ఒక లెంటు కాలములో, ముసలి ప్రవక్తను గూర్చి ప్రసంగము సిద్ధపరచుకొనుచుండగా, నా కలము ఆగిపోయెను. మామయ్య పంజరము నా కన్నుల యెదుట నిలిచెను. ఇరువది రాత్రులు నాకు నిద్ర లేదు. తుదకు ఇంటింటికి పోయి, చదువక చదివితినని చెప్పిన నా అబద్ధమును ఒప్పుకొంటిని. మూడు ఇండ్లకు తాళములు. వారు పని కొరకు వలస పోయిరి. ఒక ఇంట నన్ను గుమ్మములోనికి రానియ్యలేదు. అది వారికి న్యాయమే. ఒక వృద్ధురాలు వల బాగుచేసికొనుచు, తలయెత్తకయే ఇట్లనెను: "కాయితం చూసి ఏశానా బాబూ? నీ గొంతు ఇని ఏలిముద్ర ఏశాను. ఇకమీదట ఆ గొంతు ఎవరికీ అద్దెకియ్యమాకు."

నేను విన్న ప్రసంగములలో అంతకంటె గొప్పది లేదు. ఆనాటినుండి ఎవరు ఏ కాగితము తెచ్చినను చివరి పుట చివరి వరుసవరకు చదివి వినిపించుచున్నాను. అర్థము కానిదానిని అర్థము కాలేదనియే చెప్పుచున్నాను. పోయిన భూమి తిరిగి రాలేదు. నా అప్పు తీరిపోయెనని నేను చెప్పుట లేదు.

ఒక్క గొంతు, రెండు పనులు

చిన్నవారిలో ఒకనికి అభ్యంతరము కలుగజేయువాడు మెడకు తిరుగటిరాయి కట్టబడి సముద్రములో ముంచబడుట మేలని మన ప్రభువు చెప్పెను. ఆ మాట మనకు కఠినముగా తోచును. అచ్చట అభ్యంతరమని మనము చదువు గ్రీకు మాటకు మొదటి అర్థము బోనులో ఎర కట్టు పుల్ల, అనగా తగిలిన వెంటనే బోను మూతపడు మీట. ప్రభువు ఎవరిని గూర్చి చెప్పుచున్నాడో వేటగాండ్ర ఊరిలో పుట్టినవానికి వివరింపనక్కరలేదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కూడ తినుట మానివేసినప్పుడు, అతనిని చూచి బర్నబా కూడ వెనుకకు లాగబడెను. పేతురువంటివాడే అట్లు చేసిన యెడల, నేనెట్టివాడను, నీవెట్టివాడవు?

సంఘపెద్దలారా, నీవు త్రాగునది ఒక్క గ్లాసే కావచ్చును. నీ వెనుక వచ్చు యౌవనుడు నీ గ్లాసును చూచి పది త్రాగును. తల్లులారా, పొరుగింటి కోడలిని గూర్చి నీవు పలుకునది ఒక్క మాటయే కావచ్చును. నీవు ప్రార్థనాపరురాలవని ఎరిగినవారు దానిని సత్యమని నమ్ముదురు. యౌవనులారా, ఆ అడవి పుంజు పోట్లాటకు వచ్చి చిక్కెను. కులము పేరట, పార్టీ పేరట, ఊరి పేరట మీ రోషమును రేపి పిలుచు గొంతు వినబడినప్పుడు, ఒక్క నిమిషము ఆగి గడ్డిలోనికి చూడుడి. గుర్రపు వెంట్రుక చాల సన్నము.

చిన్నయసూరిగారి నీతిచంద్రికను మనలో అనేకులు బడిలో చదివిరి. చిత్రగ్రీవుడను పావురముల రాజు మొదట నూకలను చూచి, నిర్జనమైన అడవిలో నూకలు ఎట్లు వచ్చెనని అడిగెను. ఒక పావురము దిగుదమనెను, అన్నియు దిగెను, వలలో చిక్కెను. అప్పుడు ఆ రాజు తన మాట వినలేదని నిందింపక, అన్నిటిని కూడగట్టి వలతోనే ఎగురజేసెను. ఒక్క గొంతు అందరిని దింపెను, ఒక్క గొంతు అందరిని లేపెను. బడిపిల్లలకు తెలిసిన ఈ నీతిని మనము మరువకూడదు.

కౌజుపిట్ట గొంతు దీమమగుటకు చేయబడలేదు. వేటకాడు దానిని ఆ పనికి వాడెను. అడవిలో తల్లి కౌజు పిల్లలతో మేయుచుండగా గద్ద నీడ పడిన యెడల, పిల్లలు చెదరి గడ్డిలో దాగును. అపాయము తప్పిన పిమ్మట తల్లి మెల్లగా కూయును. ఆ కూత విని పిల్లలన్నియు దాని రెక్కల దగ్గరకు చేరును. పిలుచుట అదే, కోరే అను పేరు అదే. దేవుడు ఆ గొంతును ఇచ్చినది ఇందుకే.

మన ప్రభువు యెరూషలేమును చూచి, కోడి తన పిల్లలను రెక్కల క్రింద చేర్చుకొనునట్లు చేర్చుకొనగోరితినని ఏడ్చెను. ఆయన పిలుపులో ఉచ్చు లేదు. వేటకాడు పిట్టను పిలిచి తాను బ్రదుకును. ఆయన మనలను పిలిచి తాను మరణించెను. మనకు రావలసిన ఉచ్చులో ఆయన కాలు పెట్టెను. అది తెగెను, మనము తప్పించుకొంటిమి. కీర్తనకారుడు నూట ఇరువదినాలుగవ కీర్తనలో పాడిన విడుదల ఇదియే.

కాబట్టి సహోదరులారా, ఈ నెల ప్రతి గృహములోను ప్రార్థనకు కూర్చుండునప్పుడు మూడు ప్రశ్నలు అడిగికొనుడి. నా మాట నమ్మి ఎవరు ఎచ్చటికి వచ్చిరి? వారు వచ్చిన చోట వారికి మేలు కలిగెనా, నాకు మాత్రమే కలిగెనా? నేను పోయి ఒప్పుకొనవలసిన గుమ్మము ఏది? మూడవ ప్రశ్నకు జవాబు దొరికినవాడు ప్రార్థన ముగియువరకు ఆగనక్కరలేదు. బలిపీఠము నొద్ద అర్పణము విడిచి మొదట సహోదరునితో సమాధానపడుమని ప్రభువే చెప్పెను.

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా గొంతును నీవే ఇచ్చితివి. తెలిసియు తెలియకయు మేము దానిని అద్దెకిచ్చిన దినములను క్షమింపుము. మా పిలుపు విని నష్టపడినవారిని నీవే ఆదుకొనుము. వారి గుమ్మమునకు పోవుటకు మాకు ధైర్యమిమ్ము. ఇక మీదట మా పలుకు చెదరినవారిని నీ రెక్కల క్రిందకు చేర్చునదిగా నుండునట్లు, మంచి కాపరియైన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.